సోమ, బుధ, శుక్రవారాల కిస్తీలు

మా వాడకట్టుల ఆడోళ్లు నన్ను పేరు పెట్టి పిలిచెటోళ్లు కాదు, "లీడరక్కా" అని పిలుస్తుండిరి. ఆ పిలుపు వినవడితే నాకు లోపల కొంచెం గర్వంగనే ఉండేది.

నేను బీదర్‌ల ఒక లేడీస్ టైలర్ దుకాణంల జాకెట్లు కుడుత. పొద్దున మా ఊరు కమఠాణల బస్సెక్కి పోత, పొద్దుగూకేసరికి మళ్ల బస్సుకు వస్త. మా ఆయన ఒక స్కూలు బస్సు నడుపుతడు. ఇద్దరం కష్టం చేసేటోళ్లమే. మా ఇంట్ల తాగుడు లేదు, పేకాట లేదు. మరి మీకు అన్ని అప్పులు ఎట్లయినయని ఎవరన్న అడిగితే ఒక్క మాటల చెప్పరాదు. ప్రతి ఒక్కటి అవసరానికే తెచ్చినం. తెచ్చిననాడు ఒక్కటి సుత తప్పు అనిపియ్యలేదు.

మొదటిది కుట్టు మిషనుకు తెచ్చిన. ఇంటికి వచ్చినంక సుత నాలుగు జాకెట్లు కుట్టుకోవచ్చని మోటరు మిషను కొన్న. అది మంచి అప్పే, దానిమీద సంపాదించిన. అప్పు ఇచ్చేది ఫైనాన్సు కంపెనీ, తీసుకునే పది మంది ఆడోళ్లం ఒక గ్రూపు. ఒకరి అప్పుకు అందరం జమానతు. వారానికి ఒక దినం పొద్దున ఎనిమిది గంటలకు ఒకరి ఇంటి ముందర చాపేసుకొని కూసుంటం, కిస్తీ వసూలు చేసే పిలగాడు బండిమీద వస్తడు, కట్టి సంతకం పెడుతం. ఒక్కరు తప్పినా మిగిలినోళ్లే కలిపి కట్టాలె. కట్టినదాక ఎవరూ చాపమీదికెల్లి లేవొద్దు. నేను కన్నడ బడిల పదో తరగతి దాక చదివిన కాబట్టి కాగితాలు చదివి చెప్పేదాన్ని. అందుకని నన్ను లీడరును చేసిన్రు.

సోమవారం గ్రూపు అట్ల మొదలయింది. తర్వాత ఇంటిమీద రేకులు మార్చెటందుకు బుధవారం గ్రూపుల చేరిన. ఇంకో రెండేండ్లకు కుశనూర్‌ల ఉన్న మా తమ్ముని సోయా పంట వానకు కరాబయింది. వాడు ఫోన్ల ఏడ్చినంత పని చేసిండు. "అక్కా, నీ పేరుమీద తీసియ్యి, నేను కడుత" అన్నడు. శుక్రవారం గ్రూపుల వానికోసం తీసిచ్చిన. వాడు నాలుగు నెలలు సక్కగ పంపిండు. తర్వాత సగం పంపుడు షురువాయె, తర్వాత ఫోను ఎత్తుడే బందాయె. శుక్రవారం కిస్తీ కట్టెటందుకు నా గొలుసు బ్యాంకుల పెట్టిన. అది అయిపోయినంక ఒక గ్రూపుల కొత్త అప్పు లేపి ఇంకో గ్రూపుకు కట్టుడు నేర్చుకున్న. దినం తప్పకుండ కట్టేదాన్ని. అందుకే నాకు అప్పు అడిగినప్పుడల్ల ఇచ్చెటోళ్లు. మంచి పేరుందని నేను మురిసేదాన్ని.

ఒక బుధవారం పొద్దున మా గ్రూపుల ఒక ముసలామె కిస్తీకి రాలేదు. ఆమె బీదర్ మార్కెట్ల ఆకుకూరలు అమ్ముతది. మొగడు లేడు, కొడుకు కోడలు పని మీద పుణెకు పోయిన్రు. మేమందరం ఆమెను పెద్దమ్మా అంటం. వసూలు పిలగాడు గడియారం చూసుకుంట, "లీడరక్కా, నాకింక మూడు చోట్ల వసూలున్నది" అన్నడు. నాకు బస్సు టైమయితాంది. తొమ్మిది మందిమి లేచి ఆమె ఇంటికి నడిసినం.

ఆమె గడపల గొంగడి కప్పుకొని కూసుంది. "జెరమొచ్చింది బిడ్డా. పది దినాల సంది గంప ఎత్తలేదు. వచ్చే వారం రెండు కలిపి కడుత" అన్నది.

నేను అన్న మాట నాకు ఇప్పటికీ యాదికుంది. "కట్ట శాతగానప్పుడు ఎందుకు తీసుకున్నవు పెద్దమ్మా? నీ ఒక్కదాని కోసం తొమ్మిది మంది పనులు ఆగాల్నా?"

ఆమె గోడ పట్టుకొని లేచి లోపలికి పోయి ఇత్తడి బిందె తెచ్చి నా ముందర పెట్టింది. "దీన్ని అమ్ముకొని కట్టుకోండ్రి" అన్నది. మా తొమ్మిది మందిల ఒకామె ఆ బిందెను పక్కింటి వాళ్లకు ఇచ్చి ఎనిమిది వందలు తెచ్చింది. తక్కువ పడ్డది మేమే వేసినం. నేను బుక్కుల సంతకం పెట్టి బస్సుకు ఉరికిన.

బస్సుల కిటికీ పక్కన సీటు దొరికింది. కూసున్నంక సంచి తెరిచి చూసుకున్న. అండ్ల రెండు వేలున్నయి. అవి నా దుకాణం యజమానురాలి దగ్గర ముందుగ తీసుకున్న పైసలు, శుక్రవారం కిస్తీకి. అంటే నేను సుత ఇంక కుట్టని జాకెట్ల పైసలు తెచ్చి కడుతున్న. ఆమెకు నాకు ఫరక్ ఏందంటే, ఆమెకు జెరమొచ్చింది, నాకింక రాలేదు. గంతే. నేను వారం దినాలు జెరమొచ్చి పండితే రేపు నా గడపల ఈ తొమ్మిది మందే నిలవడుతరు, నేనేం తెచ్చి ముందర పెట్టాలె? కుట్టు మిషనా? బీదర్ వచ్చేదాక అదే ఆలోచన. ఆ దినం రెండు జాకెట్లకు చేతులు ఉల్టా కుట్టి మళ్ల విప్పిన.

ఆదివారం పగటీలి బువ్వ తిన్నంక మా ఆయనను కూసోవెట్టిన. జాకెట్ల కొలతలు రాసుకునే బుక్కు తీసి ఎనుక పేజీల రాసుడు మొదలుపెట్టిన. ఎవరికి ఇంక ఎంత కట్టాలె అనేది మేము అప్పటిదాక ఒక్కసారి సుత రాసుకోలేదు. ఈ వారం ఎంత కావాలె అన్నదే చూసెటోళ్లం.

సోమవారం గ్రూపుకు ముప్పై ఎనిమిది వేలు. బుధవారానికి యాభై రెండు. శుక్రవారం, అంటే తమ్మునిది, నలభై అయిదు. బ్యాంకుల గొలుసుమీద అరవై వేలు. గొలుసు సంగతి మా ఆయనకు తెల్వదు, మెడల వేసుకుంట తిరిగేది రోల్డ్‌గోల్డ్‌ది. అది రాయంగనే ఆయన నా మెడ దిక్కు చూసిండు.

"ఎప్పుడు పెట్టినవు?"

"ఏడాదిన్నర అయితాంది."

నేను తిట్లకు తయారుగ కూసున్న. ఆయన తిట్టలేదు. తల గోక్కుంట, "ఇంకో రెండు రాయి" అన్నడు.

"ఏంది రెండు?"

"సావుకారిది యాభై వేలు. బస్సు యాక్సిడెంట్ అయినప్పుడు నా జీతంల కోసిన్రు గద, అప్పుడు తెచ్చిన. ఫోన్ల యాప్‌ది పన్నెండు వేలు."

నాకు కోపం రావాలె గని నవ్వొచ్చింది. ఒకే ఇంట్ల, ఒకే పళ్లెంల తినుకుంట, నేను ఆయనకు తెల్వకుండ ఆయన నాకు తెల్వకుండ దాచుకుంట ఉన్నం. ఆయన సుత నవ్విండు. నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నడు.

కలిపి చూస్తే రెండు లక్షల యాభై ఏడు వేలు అయింది. ఆ అంకె రాసి కింద గీత గీసిన. నిజం చెప్పాలంటే నాకు భయం కంటె ఎక్కువ జెర ఊపిరి పీల్చుకున్నట్టు అనిపిచ్చింది. అన్ని దినాలు అది ఎంత పెద్దగుందో తెల్వక భయపడ్డ. ఇప్పుడు తెలిసింది. మా ఇద్దరి సంపాదన ఇరవై నాలుగు వేలు. కష్టమే, గని కాని పని కాదు.

"సావుకారికి మిత్తి ఎంత?" అని అడిగిన.

"నూటికి మూడు రూపాలు. నెలకు పదిహేను వందలు."

"ఎన్ని నెలల సంది?"

ఆయన వేళ్లమీద లెక్కవెట్టిండు. ముప్పై నెలలు. అంటే నలభై అయిదు వేలు మిత్తే కట్టిండు, అసలు యాభై వేలు అట్లనే ఉన్నది. ఆ లెక్క చూసినంక ఎక్కడ మొదలు పెట్టాల్నో నాకు తెలిసిపోయింది.

"గొలుసు అమ్ముదాం" అన్న.

మా ఆయన ఒప్పుకోలేదు. "అది మీ అమ్మ పెట్టింది. ఎప్పటికన్న ఇడిపిస్త" అన్నడు. ఎప్పటికన్న అంటే ఎప్పుడో చెప్పుమన్న. నేను పెట్టిననాటికి ఇప్పటికి బంగారం ధర ఎక్కడికో పోయింది. బ్యాంకుల పండవెట్టి మిత్తి కట్టేకంటె అమ్ముతె రెండు బాకీలు తీరుతయి. మెడల పుస్తెలు పసుపు తాడుకు ఉంటయి, వాటిని ముట్టను. మూడు దినాలు మాట్లాడుకున్నం. నాలుగోనాడు ఆయనే, "పోదాం పా" అన్నడు.

బీదర్‌ల తెలిసిన బంగారం దుకాణపాయన మాతోటి బ్యాంకుకు వచ్చిండు. మిత్తితో కలిపి అరవై నాలుగు వేలు ఆయనే కట్టి గొలుసు ఇడిపిచ్చి, తూకమేసి, ఇంక అరవై ఆరు వేలు మా చేతుల పెట్టిండు. బ్యాంకుల అమ్మాయి "ఇల్లి సహి మాడి" అని కాగితం ముందరికి జరిపింది. ఇక్కడ సంతకం పెట్టమని. పై నుంచి కిందిదాక మొత్తం చదివినంకనే పెట్టిన. అదివరకు ఎన్ని కాగితాలమీద చదువకుండ పెట్టిన్నో.

అక్కడికెల్లి సీద సావుకారి దగ్గరికి పోయినం. ఆయనకు గంజ్ దగ్గర ఎరువుల దుకాణం. మా ఆయన యాభై వేలు ఉన్నయని చెప్పంగనే, "మంచిది, ఇటియ్యి" అని చెయ్యి చాపిండు.

"కాగితం, చెక్కు?" అని నేను అడిగిన. అప్పు ఇచ్చిననాడు మా ఆయన దగ్గర బాండు కాగితంమీద సంతకం, అంకె రాయని ఖాళీ చెక్కు ఒకటి తీసుకున్నడట.

"ఎక్కడనో పెట్టిన తల్లీ. దొరికితే పంపిస్త. నామీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదు సావుకారీ. దొరికినంక ఒక ఫోను చెయ్యండ్రి, అదే దినం పైసలు తెస్తం" అని సంచి మూసి లేచి నిలవడ్డ. మా ఆయన నా చెయ్యి గుంజిండు. నేను వాకిలి దాక నడిసిన.

"ఆగమ్మా, ఆగు. గంత తొందరేంది?" అని సావుకారి తన గల్లా కిందనే ఉన్న సొరుగు తెరిచిండు. కాగితం, చెక్కు రెండూ ఒక్క కవర్లనే ఉన్నయి. నా ముందరనే కాగితంమీద ముట్టినట్టు రాయించుకున్న. పైసలు లెక్కవెట్టుకుంట ఆయన మా ఆయనతోని, "నీ పెండ్లాం మా దుకాణంల గుమాస్తాగ పనికొస్తది" అన్నడు. బయటికి వచ్చినంక మా ఆయన ఆ చెక్కును చింపి చింపి మోరిల వేసిండు. ఆ పూటే యాప్‌ది పన్నెండు వేలు కట్టి ఫోన్లకెల్లి తీసేసిండు. ఇద్దరం చెరుకురసం తాగి బస్సెక్కినం.

ఇగ తమ్ముడు. అందరికంటె కష్టం వాడే. సావుకారిని అడిగినట్టు తమ్ముని అడుగుడు రాదు. ఔరాద్ దిక్కు పోయే బస్సెక్కి కుశనూర్ పోయిన. మరదలు చాయ్ ఇచ్చింది. తమ్ముడు ఎడ్లకు మేత వేసి వచ్చి మంచంమీద కూసున్నడు. రోల్డ్‌గోల్డ్‌ది సుత తీసేసిన, నా మెడ బోసిగ ఉన్నది వానికి కండ్ల పడ్డది గని అడుగలేదు.

"తమ్మీ, నీకోసం తీసిన అప్పు కిస్తీ నేనింక కట్టను" అన్న. "కట్టలేను అనుడు కాదు, కట్టను. ఇంక నలభై అయిదు వేలున్నది. ఎట్ల ఇస్తవో, ఎప్పుడిస్తవో చెప్పు. కొంచెం కొంచెం అయినా సరే."

"పంట చేతికి రాకపాయె. నీకు తెల్వదా?"

"తెలుసు. అందుకే అన్ని దినాలు అడుగలే. నువ్వు ఫోనెత్తి లేవని చెప్పినా నేను ఏమీ అనకపోదును. ఎత్తకుండ ఉంటివి గద, అదే కష్టమయింది."

వానికి కోపమొచ్చింది. "పెండ్లాం ముందర ఇజ్జత్ తీసుడానికి వచ్చినవా?" అని లేచి బయటికి పోయిండు. మరదలు రొట్టె చేస్త తిని పొమ్మన్నది. తినే పోయిన. అలిగి ఉపాసం పోతే ఆ ఇంటికి మళ్ల వచ్చే తొవ్వ ఉండదని నాకు తెలుసు. బస్టాండు దాక ఆమే సాగనంపింది. "ఆయన దాక్కొని తిరుగుడు నాకు సుత మంచిగ అనిపిస్తలేదు వదినా" అన్నది.

పదిహేను దినాలు వాని దగ్గరికెల్లి ఫోను లేదు. రెండు శుక్రవారాలు నేనే కట్టిన, పండ్లు కొరుక్కుంట. మూడో వారం ఆదివారం మా ఇంటి ముందర ఒక టెంపో ఆగింది. మా తమ్ముడు దిగిండు. ఎనుక నాలుగు బస్తాల కందులు.

"పైసలు లేవక్కా. కందులున్నయి. పంట కొనే అడ్తి దుకాణంల అడిగిన ధరకు ఇచ్చుడు నాకు మనసొప్పలే. నువ్వు దినాం బీదర్ పోతవు, నలుగురితోని పరిచయముంది. పప్పు పట్టిచ్చి అమ్ముకో. తక్కువ పడ్డది పెసర్ల పంటకు ఇస్త" అన్నడు నేల చూసుకుంట. నేను ఏమన్న? "బస్తాలు లోపలెయ్యి, బువ్వ తిందువు రా" అన్న.

మిల్లుల పట్టిస్తే నాలుగు క్వింటాళ్ల కందులకు మూడు క్వింటాళ్ల పప్పు వచ్చింది. దుకాణంల జాకెట్లకు వచ్చే ఆడోళ్లకు చూపిచ్చిన. అర కిలో తీస్కపోయి వండుకొని చూడుండ్రి అన్న. కుశనూర్ కందులు జల్ది ఉడుకుతయి. మళ్ల వచ్చి రెండు కిలోలు, అయిదు కిలోలు తీసుకున్నరు. అయినా ఇంట్ల ఇంక పప్పు కుప్ప ఉన్నది.

అప్పుడు పెద్దమ్మ యాదికొచ్చింది. ఆమె ముఖం చూసేటందుకు నాకు అప్పటిదాక మొకం చెల్లలేదు. ముందుగల పక్కింటి వాళ్ల దగ్గరికి పోయి ఎనిమిది వందలిచ్చి ఇత్తడి బిందె తీసుకున్న. దాన్ని పట్టుకొని ఆమె ఇంటికి పోయిన.

"పెద్దమ్మా, ఆ దినం నోరు జారిన. తప్పయింది" అన్న.

ఆమె బిందెను అటిటు తిప్పి చూసింది. "సొట్ట పెట్టిన్రు" అన్నది. తర్వాత, "నీ మెడల గొలుసు లేదేందే?" అని అడిగింది. జరిగిందంత చెప్పిన. చెప్పుకుంట పోతుంటే ఆమె కొంగుతోని బిందె తుడుసుకుంట విన్నది. నేను పప్పు సంగతి తీసిన. ఆకుకూరల గంప పక్కన పెట్టుకొని అమ్ముతే కిలోకు పది రూపాలు ఆమెవి. "గంపల పాలకూర వాడిపోతదని భయం, పప్పు వాడిపోదు గద" అని ఒప్పుకున్నది. నేను చెప్పిన ధరకంటె అయిదు రూపాలు ఎక్కువకే అమ్మింది ఆమె. బేరం నాకంటె ఆమెకే బాగొచ్చు.

పప్పుతోని ముప్పై వేల దాక చేతికొచ్చినయి. శుక్రవారం గ్రూపుకు ఒక్కసారే కట్టేసిన. మిగిలినవి తమ్ముడు అన్నట్టే పెసర్లకు ఇచ్చిండు, నాలుగు వందలు తక్కువ. ఆ నాలుగు వందలు నేను అడుగలేదు, వాడు చెప్పలేదు.

అన్నీ ఇట్ల సాఫ్‌గ జరిగినయని కాదు. ఎండకాలం సెలవులల్ల మా ఆయనకు జీతం సగమే. ఆ రెండు నెలలు ఆయన ఒక దోస్తు టెంపోమీద కిరాయికి పోయిండు. నేను బడి పిల్లల యూనిఫారాలు కుట్టిన, ఒక్కొక్క దినం ఇరవై నిక్కర్లు. నడుము పట్టేసింది. దసరకు ఇంట్ల ఎవరికీ కొత్త బట్టలు లేవు. పసుపు తాడు చూసి బస్సుల ఆడోళ్లు, "గొలుసేమాయె?" అని అడుగుతుండిరి. మొదట్ల సిగ్గయ్యేది. తర్వాత, "అమ్మి బాకీ కట్టినం" అని గట్టిగనే చెప్పుడు మొదలుపెట్టిన. విచిత్రమేందంటే, అట్ల చెప్పిన ప్రతిసారి ఎవరో ఒకామె పక్క సీట్లకు జరిగి, మెల్లగ తన సంగతి చెప్పేది. ఒకామెతోని కూసుండి నా కొలతల బుక్కులనే ఆమె బాకీలు సుత రాసిచ్చిన.

సోమవారం గ్రూపు కాలం నిండంగనే లీడరు పని ఇంకొకామెకు అప్పగిచ్చిన. బుధవారంది ఇంక మూడు నెలలకు తీరింది. ఆఖరు కిస్తీ కట్టిననాడు వసూలు పిలగాడు, "అక్కా, నీ రికార్డు మస్తుంది. రేపటికి లక్ష రూపాలు పాసయితయి, ఆధార్ కార్డు ఇస్తే చాలు" అన్నడు. వాని తప్పేం లేదు, వాని ఉద్యోగం అది. "ఇప్పుడు అవసరం లేదు తమ్మీ" అన్న. "అందరు తీసుకుంటున్నరు గద?" అన్నడు. చాయ్ ఇచ్చి పంపిచ్చిన.

ఇప్పుడు నెలకు రెండు వేలు పోస్టాఫీసుల వేస్తున్నం. ఎండకాలం రెండు నెలలకని వేరే కొంచెం తీసిపెడుతున్నం. మొన్న మా పెద్ద మరిది వచ్చిండు. హళ్ళిఖేడ్‌ల ఇల్లు కట్టుకుంటున్నడు. ఒక ఫైనాన్సుల మూడు లక్షలు తీస్త, వదినా నువ్వు జమానతు సంతకం పెట్టాలె అన్నడు.

మా ఆయన నా దిక్కు చూసిండు. నేను మరిదికి నీళ్లిచ్చి ఎదురుంగ కూసున్న.

"సంతకం పెట్టను మరిదీ. నువ్వు కట్టవని కాదు. ఎవరికీ పెట్టొద్దనుకున్నం. అయిదు వేలున్నయి, నీ ఇంటి దర్వాజకు ఇస్త. మళ్ల ఇయ్యనవసరం లేదు."

ఆయనకు కోపమొచ్చింది. నీళ్లు తాగకుండనే లేచిండు. అయిదు వేలు సుత ముట్టలేదు. మా ఆయన వాకిలి దాక పోయి సాగనంపి వచ్చి, "పది దినాలు మాట్లాడడు" అన్నడు.

ఎనిమిది దినాలకే వచ్చిండు. ఇంటి సామాను లెక్క కొంచెం తగ్గిచ్చుకున్నడట, ఫైనాన్సుల రెండు లక్షలే తీసుకుంటున్నడట, జమానతు లేకుండ పొలం కాగితంమీదనే ఇస్తమన్నరట. దర్వాజకు నేను ఇస్తనన్నది ఉన్నదా అని అడిగిండు. ఉన్నదని తెచ్చి ఇచ్చిన. సంచిల తన పెండ్లాం జాకెట్ గుడ్డ సుత తెచ్చిండు. గృహప్రవేశానికి కావాల్నట, చేతులకు అంచు ఎయ్యాల్నట. కొలత జాకెట్ ఏదని అడిగిన. అది మరిచి వచ్చిండు.